మేడ్చల్ సీమలో ఒక నారుమడి

సికిందరాబాదు నుండి ఉత్తరంగా రెండు పెద్ద బాటలు చీలిపోతవి. ఒకటి బోయినపల్లి, కొంపల్లి మీదుగా మేడ్చల్ చేరి నాగపూర్ వైపు సాగిపోవును. రెండవది అల్వాల్, హకీంపేటల మీదుగా శామీర్‌పేట దాటి కరీంనగర్ దారి పట్టును. ఈ రెండు బాటల నడుమనున్న పల్లెసీమలోనిది రావల్కోల్. రాతిగుట్టలు, మెట్టచేలు, చెరువు నిండిన ఏడు వరి, నిండని ఏడు జొన్న: ఇది ఈ సీమకు పాత ముఖచిత్రం. ఇక్కడి రైతు ఆకాశం వైపు చూచి బ్రతికినవాడే గాని కాలువ వైపు చూచి బ్రతికినవాడు కాడు.

ఈ సీమలోకి వరికంటె వేరైన పంట ఒకటి వచ్చి రమారమి ముప్పది ఏళ్ళయినది. అది టీకామందుల పంట. దాని తొలి విత్తనం ఎవరు చల్లినారు, అది ఎవరి మడిలో మొలకెత్తినది, పండించినవారు తరువాతివారికి ఏమి మిగిల్చినారు అన్నది నేటి ప్రసంగ విషయం.

క్రొత్తగా పరిశ్రమ మొదలుపెట్టే యువకుని సంస్థను ఇప్పుడు 'స్టార్టప్' అంటున్నారు. మాట క్రొత్తదే గాని పని పాతది. అప్పు చేసి గానుగ పెట్టినవాడూ, ఇల్లాలి నగలు కుదువబెట్టి అచ్చుయంత్రం కొన్నవాడూ ఈ కోవలోనివారే. తేడా అల్లా ఒక్కటి. గానుగ పెట్టేవానికి ఆ కిటుకులు నేర్పే తండ్రో, మేనమామో ఊళ్ళో ఉండేవాడు. ఈ దేశంలో ఎవరూ ఎన్నడూ చేయని వస్తువును చేయబూనినవానికి నేర్పేది ఎవరు?

సరిగా ఆ స్థితిలో పడినవారు కె. ఐ. వరప్రసాదరెడ్డిగారు. నెల్లూరు జిల్లావారు, 1948లో జన్మించినారు. చదివినది ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగు. హైదరాబాదులోని రక్షణశాఖ ఎలక్ట్రానిక్స్ పరిశోధనశాలలో కొంతకాలం పనిచేసి, తరువాత బ్యాటరీలు చేసే పరిశ్రమలో భాగస్వామి అయినారు. పరిశోధనకు డబ్బు వెచ్చించే విషయమై తోటివారితో పొసగక వెలుపలికి రావలసి వచ్చినది. అప్పటికి వయస్సు నలుబది దాటినది. క్రొత్త విద్య నేర్చే వయస్సు అది కాదని ఎవరైనా అందురు.

1992లో జెనీవాలో టీకాల విషయమై ప్రపంచ ఆరోగ్య సంస్థవారి సదస్సు ఒకటి జరిగినది. వరప్రసాదరెడ్డిగారు దానికి వెళ్ళినది ఒక బంధువుకు తోడుగా. అక్కడ వారు హెపటైటిస్-బి అను కాలేయవ్యాధిని గురించి మొదటిసారి వివరంగా విన్నారు. వ్యాధి గురించి ఇక్కడ నాలుగు మాటలు చెప్పుట అవసరం. ఇది రక్తం ద్వారా, సరిగా శుద్ధిచేయని సూదుల ద్వారా, తల్లి నుండి బిడ్డకు కాన్పువేళ సోకేది. పసితనంలో సోకినచో చాలమందిలో శరీరాన్ని విడువదు. ఏళ్ళ తరబడి కాలేయంలో దాగి ఉండి, ఎప్పుడో నడివయస్సున కాలేయం గట్టిపడుటకో, క్యాన్సర్‌కో దారితీయును. దీనికి కారణమైన వైరస్ ఆనవాలును అమెరికా శాస్త్రవేత్త బ్లూంబర్గ్ 1960లలో కనుగొన్నాడు. 1976లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చినది. భారతదేశంలో ఈ వైరస్‌ను మోస్తున్నవారు సుమారు 4 కోట్లమంది ఉందురని నిపుణుల అంచనా.

టీకా లేకపోలేదు. అమెరికాలో 1981లో మానవరక్తం నుండి తీసిన టీకా, 1986లో జన్యువిద్యతో ఈస్టు కణాలలో తయారైన టీకా అనుమతి పొందినవి. మన దేశానికీ దిగుమతి అయినవి. కాని ధర! ఒక మోతాదు వందల రూపాయలు. మనిషికి మూడు మోతాదులు కావలెను. ఆలుమగలు, ముగ్గురు పిల్లలు గల ఇంటికి పదిహేను మోతాదులు. ఆనాటి గుమాస్తా నెల జీతమంతా తెచ్చి డాక్టరు బల్లమీద పోసినా చాలదు. అందుచేత ఆ టీకా ఈ దేశంలో ఉండీ లేనిదే అయినది.

ఆ విద్యను కొనితెచ్చి ఇక్కడనే చౌకగా తయారుచేయవలెనని వరప్రసాదరెడ్డిగారు విదేశీ సంస్థను ఆశ్రయించినారు. వారు అడిగిన వెల అందరానిది. దానికి తోడు, మీకు ఇంతటి విద్య ఎందుకు, ఇది మీ శాస్త్రజ్ఞులకు ఒక పాతికేళ్ళకైనా ఒంటబట్టేది కాదు అన్న ధోరణిలో వారు మాట్లాడినారని ఆయన తరువాత పలు సభలలో చెప్పినారు. అవమానం కొందరిని ఇంటికి పంపును, కొందరిని పనికి పంపును. ఆయన 1993లో హైదరాబాదులో ఒక సంస్థను స్థాపించి, దానికి తల్లి శాంతమ్మగారి పేర 'శాంతా బయోటెక్నిక్స్' అని పేరు పెట్టినారు.

పేరు పెట్టుట సులభం. ఇంజనీరు చేతిలో జీవశాస్త్రం లేదు, ప్రయోగశాల లేదు, చాలినంత డబ్బు లేదు. ఉన్నదల్లా జీతానికి కుదిరిన కొద్దిమంది శాస్త్రవేత్తలు. ఈ సంస్థ కథ చెప్పేవారు చాలమంది ఇక్కడ నుండి ఒక్క అంగలో విజయానికి పోయి, ఒక మనిషి పట్టుదలను పొగిడి ఊరుకొందురు. నాకు మాత్రం కథలో అసలు ఘట్టం ఇదే అనిపించును.

వరి పండించేవారికి తెలిసిన సంగతే. నాట్లు వేసే చేను అంతటా మొదటనే విత్తనాలు చల్లరు. నీటి వసతిగల చిన్న మడి ఒకటి చూచి, దున్ని, ఎరువువేసి అందులో నారు పోయుదురు. మూడు నాలుగు వారాలు దానిని కంటికి రెప్పవలె కాచి, పీకి, కట్టలు కట్టి పొలంలో నాటుదురు. తన మడికి నీరు లేనివాడు పొరుగువాని మడిలో నారు పోసికొనుటయు కద్దు. పొరుగువాడు ఆ జానెడు నేలకు కౌలు అడగడు. రేపు తన మడి ఎండినచో ఇతని మడి కావలసి వచ్చును.

శాంతాకు అటువంటి పొరుగుమడి మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దొరికినది. అక్కడి ప్రయోగశాలలో ఒక మూల చోటు ఇచ్చినారు. కొంతకాలానికి తార్నాక దగ్గర హబ్సీగూడలోని సి.సి.ఎం.బి., అనగా కణ, అణుజీవశాస్త్ర పరిశోధన కేంద్రం, వారికి ఆశ్రయమిచ్చినది. పి. ఎం. భార్గవగారు సంస్థాపక సంచాలకులుగా నిర్మించిన ఆ కేంద్రం అప్పటికే దేశంలో పేరుపడ్డది. విలువైన పరికరాలు, గ్రంథాలయం, అన్నింటినీ మించి, సందేహం వచ్చినప్పుడు నడవలోకి పోయి అడిగేందుకు ఒక మనిషి: ఇవి శాంతా శాస్త్రవేత్తలకు అక్కడ దొరికినవి. ప్రభుత్వ పరిశోధనాలయంలో ప్రైవేటు వ్యాపారికి చోటా అని ముక్కుమీద వేలు వేసికొన్నవారు ఆ రోజులలో లేకపోలేదు. ఆ అభ్యంతరం పూర్తిగా అర్థంలేనిదీ కాదు. ప్రజల సొమ్ముతో కొన్న పరికరం మీద ఒకరు వ్యాపారం కట్టుకొన్నచో ప్రజలకు తిరిగి వచ్చేది ఏమి అని అడుగుట న్యాయమే. దానికి జవాబు టీకా ధరలో వచ్చినది.

ఆ పని ఎటువంటిదో కొంచెం చెప్పవలెను. వైరస్ పైపొరలోని ఒక మాంసకృత్తును తయారుచేసే జన్యువును మాత్రం తీసి ఈస్టు కణంలో చొప్పించుదురు. ఈస్టు అనగా మన రొట్టెల పిండిని పొంగించే సూక్ష్మజీవి జాతి. ఆ కణం పెరిగి పిల్లలు పెట్టుచున్నప్పుడెల్ల ఆ మాంసకృత్తును కూడ తయారుచేయును. దానిని వేరుచేసి, శుద్ధిచేసి టీకాగా వాడుదురు. ఇందులో వైరస్ అంటూ ఉండదు గనుక టీకావల్ల వ్యాధి వచ్చు భయం లేదు. విదేశాలలో మొదట వాడినది రొట్టెల ఈస్టు. శాంతావారు పికియా పాస్టోరిస్ అను వేరొక ఈస్టును ఎంచుకొన్నారు. ఇది మిథనాల్‌ను ఆహారంగా వాడుకొని దండిగా పెరుగును, మాంసకృత్తును విరివిగా ఇచ్చును. దిగుబడి ఎక్కువ అయినప్పుడు ధర దిగుట సులభం. మన రైతుకు వేరే చెప్పనక్కరలేని లెక్క ఇది.

డబ్బు మాట వేరు. రొట్టెల ఈస్టు, వైరస్, జన్యువు అన్న మాటలు వినగానే బ్యాంకు మేనేజర్లు కాగితాలు మూసినారు. తాకట్టుకు యంత్రాలు కావలెను గాని ఊహలు పనికిరావు గదా. చివరకు చేయి అందించినవాడు మస్కట్‌లో ఉన్నాడు. ఒమాన్ విదేశాంగ వ్యవహారాల మంత్రిగా ఉండిన యూసుఫ్ బిన్ అలవీ సంస్థలో సగం వాటాకు పెట్టుబడి పెట్టి, అప్పు పుట్టుటకు కూడ సహాయపడినాడు. ఇంటి బ్యాంకు నమ్మనివానిని సముద్రం ఆవలివాడు నమ్మినాడు. మన పెట్టుబడిదారులు దీనిని విని ఇప్పటికైనా కొంచెం సిగ్గుపడిన బాగుండును. మన ప్రభుత్వపు సాంకేతికాభివృద్ధి మండలి కూడ తరువాత రుణమిచ్చి ఆదుకొన్నది.

1997 ఆగస్టులో 'శాన్‌వాక్-బి' అను పేర టీకా మార్కెట్టులోకి వచ్చినది. జన్యువిద్యతో భారతదేశంలో తయారైన మొదటి హెపటైటిస్-బి టీకా అది. జెనీవాలో విన్న పాతికేళ్ళ గడువు నాలుగేళ్ళలో తీరినది. నారు పీకి నాటుటకు పొలం కావలెను గనుక సంస్థ తన కర్మాగారాన్ని మేడ్చల్ మండలం అత్వెల్లిలో నెలకొల్పినది. ఆ విధంగా ఈ సీమ పేరు టీకా సీసా మీదికి ఎక్కినది.

దిగుమతి టీకా ధర పడిపోయినది. మరి కొద్దికాలానికే శామీర్‌పేట బాటన తుర్కపల్లిలో భారత్ బయోటెక్ వారి హెపటైటిస్-బి టీకా వచ్చినది. ఈ సంస్థను అమెరికాలో పరిశోధన చేసి తిరిగివచ్చిన కృష్ణ ఎల్లగారు, ఆయన భార్య సుచిత్రగారు 1996లో స్థాపించినారు. రెండు బాటల మీద ఇద్దరు పోటీదారులు వెలిసినారు. పోటీ ముదిరి, వందలలో ఉండిన ధర పదులలోకి దిగినది. శాంతా టీకాకు 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు లభించి, యూనిసెఫ్ ద్వారా ఇతర దేశాల పిల్లలకు కూడ చేరినది. మన దేశంలో ఈ టీకాను ప్రభుత్వ కార్యక్రమంలో 2002 ప్రాంతాన కొన్ని చోట్ల ప్రారంభించి, 2011 నాటికి దేశమంతటా విస్తరించినారు. నేడు రావల్కోల్ ఇల్లాలికి ఆసుపత్రిలో కాన్పు అయినచో బిడ్డకు ఇరువది నాలుగు గంటల లోపల మొదటి మోతాదు ఉచితంగా వేయుదురు. ఆరు, పది, పదునాలుగు వారాలకు అయిదు వ్యాధుల టీకాలో భాగంగా తక్కిన మోతాదులు పడును. తల్లికి దాని వెల ఎంతో తెలియదు. తెలియవలసిన అగత్యం లేకుండుటే గొప్ప.

స్థాపకుని కథ ఇక్కడ ముగిసినచో చెప్పుకొనుటకు సొంపుగా ఉండును. కాని పరిశ్రమ పెరుగుకొలది పెట్టుబడి పెట్టినవారు తమ వాటా తాము తీసికొనుట సహజం. 2006లో ఫ్రాన్సు దేశపు మెరియూ అలయన్స్ సంస్థలో పెద్ద వాటా కొన్నది. 2009లో ఆ వాటా సనోఫీ చేతికి మారినది. అప్పుడు శాంతాకు కట్టిన విలువ 55 కోట్ల యూరోలు. ప్రయోగశాల మూలలో మొదలైనదానికి పదహారేళ్ళలో వచ్చిన విలువ అది. విదేశీయుల ధరను ధిక్కరించి పుట్టిన సంస్థ విదేశీయుల పరం అయినదే అని అప్పుడు నొచ్చుకొన్నవారున్నారు. నాకును ఆ నొప్పి తెలియును. అయితే బిడ్డను కన్నవారే జీవితాంతం ఇంట కట్టిపెట్టుకొనవలెనన్న నియమం వ్యాపారంలో చెల్లదు.

ఆ మరుసటి ఏడే గట్టి దెబ్బ తగిలినది. అయిదు వ్యాధులకు ఒకే సూదిగా తయారుచేసిన 'శాన్-5' సీసాలలో కొన్నింటి గోడలకు తెల్లని మడ్డి అంటుచున్నదని ఫిర్యాదు వచ్చి, 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని ఆమోదిత పట్టికనుండి తొలగించినది. తిరిగి ఆ పట్టికకు ఎక్కుటకు 2014 వరకు పట్టినది. నిన్న లోకం పొగిడిన సంస్థయైనా నేటి సీసా నేడు శుద్ధంగా ఉండవలసినదే. టీకాల వ్యాపారంలో పాత పేరు మీద అప్పు పుట్టదు.

వరప్రసాదరెడ్డిగారికి 2005లో పద్మభూషణ్ పురస్కారం వచ్చినది. వారు తెలుగు సాహిత్య సంగీతాల అభిమాని; హాస్యానికీ సంగీతానికీ అంకితమైన 'హాసం' పత్రికను కొన్నేళ్ళు నడిపించినారు. నిర్వహణ భారం తగ్గిన తరువాత కళాశాలలలోను, యువ పారిశ్రామికుల సభలలోను ఆయన చెప్పుచు వచ్చినవి ఎక్కువగా తన గెలుపులు కావు. బ్యాటరీల పరిశ్రమనుండి బయటపడిన రోజులు, జెనీవాలో విన్న మాటలు, బ్యాంకుల గుమ్మాలు. ఒక మార్గదర్శి క్రొత్తవానికి ఇవ్వగలిగిన వానిలో ఇది ముఖ్యమైనది. గెలుపు కథలు వినుటకు బాగుండును గాని రేపు ఉదయం బ్యాంకు మేనేజరు కాగితం మూసినప్పుడు అవి అక్కరకు రావు. ఇతనికీ మూసినారు, ఆ మరునాడు ఇతడు ఇది చేసినాడు అన్న కథ అక్కరకు వచ్చును.

కాని మాటసాయం ఒక్కటే చాలునా? చాలదని ఈ సీమ చరిత్రే చెప్పుచున్నది. వరప్రసాదరెడ్డిగారికి దొరికిన మూల అదృష్టవశాన దొరికినది. తలుపు తట్టినచోట దయగలవారుండిరి. అటువంటి దయ మీద ఆధారపడకుండ, అడిగిన అర్హునికల్లా చోటు దొరికే ఏర్పాటు చేయవచ్చునా అన్న ఆలోచన శామీర్‌పేట వైపు 1999లో రూపుదాల్చినది. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'జీనోమ్ వ్యాలీ' అను పేర అక్కడ జీవశాస్త్ర పరిశ్రమలకు ఒక ప్రాంతాన్ని ఉద్దేశించినది. ఆ ఏడే తుర్కపల్లిలో ఐ.సి.ఐ.సి.ఐ. సహకారంతో ఒక విజ్ఞాన పార్కు వెలసినది. దానినే ఇప్పుడు ఐ.కె.పి. నాలెడ్జ్ పార్కు అందురు. అక్కడ సిద్ధంగా అమర్చిన ప్రయోగశాలలను అద్దెకు ఇచ్చుదురు. గోడలు కట్టి, గాలి శుద్ధిచేసే యంత్రాలు బిగించి, వ్యర్థాలు పారవేసే అనుమతులు తెచ్చుకొనుటకు రెండేళ్ళు పట్టే యువకుడు, అక్కడ తాళంచెవి తీసికొని పని మొదలుపెట్టవచ్చును. 2012లో కేంద్రం నెలకొల్పిన బైరాక్ అను సంస్థ, ఊహ ఒకటే చేతగల అభ్యర్థికి దానిని రుజువు చేసి చూపుటకు 50 లక్షల రూపాయల వరకు గ్రాంటు ఇచ్చుచున్నది. ఎంపికలోను, ఆ తరువాతి సలహాలలోను ఐ.కె.పి. భాగస్వామి. మస్కట్ దాకా పోనక్కరలేదన్నమాట.

శాంతాకు చోటిచ్చిన సి.సి.ఎం.బి. కూడ 2017లో అటల్ పథకం క్రింద తన ఆవరణలోనే క్రొత్త సంస్థలను పొదిగే కేంద్రాన్ని స్థాపించినది. ఒకనాడు ముక్కుమీద వేలు వేయించిన పని నేడు బోర్డు కట్టి చేయుచున్నారు. కంప్యూటర్ల రంగంలోను ఇదే జరిగినది. 1991లో ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ స్థాపించి పెంచిన బి. వి. ఆర్. మోహన్‌రెడ్డిగారు యువ స్థాపకులకు మార్గదర్శి అయి, తన అనుభవాలను 2022లో పుస్తకంగా వెలువరించినారు. హైదరాబాదులో 2015లో ఆరంభమైన టి-హబ్ ఆ రంగంలోని నారుమడి.

అయితే నారుమడులు పెరుగుకొలది ఒక చిక్కు కనబడుచున్నది. మార్గదర్శి అన్నది ఈనాడు ఒక హోదా అయి కూర్చున్నది. ఎన్నడూ జీతాలు ఇవ్వలేక నెలాఖరున నిద్రపట్టని రాత్రి గడపనివారు కూడ నెలాఖరు నిద్రను గురించి ఉపన్యసించుచున్నారు. వారి పిలుపు పత్రికలలో నాకు తరచు కనబడును. నారు పోసినవానికి నీరు ఎప్పుడు తీయవలెనో కూడ తెలియవలెను. ఎడతెగక నీరు నిలిచినచో నారు పచ్చగా కనబడుచునే కుళ్ళును. గ్రాంటు మీద గ్రాంటు తెచ్చుకొని, పార్కులోనే ఏళ్ళు గడిపి, పొలం ముఖం చూడని సంస్థలు లేకపోలేదు. శాంతావారు సి.సి.ఎం.బి. విడిచి అత్వెల్లికి పోయినారన్నది, అక్కడ చేరినారన్నదానికంటె తక్కువ విషయం కాదు.

కలరా టీకా సంగతి ఒకటి చెప్పి విరమించెదను. వియత్నాంలో పుట్టి, సియోల్‌లోని అంతర్జాతీయ టీకాల సంస్థ చేతిలో మెరుగుపడిన నోటిచుక్కల టీకా విద్యను శాంతా స్వీకరించి, 2009లో 'శాన్‌కోల్' అను పేర భారతదేశంలో అనుమతి పొందినది. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం కూడ వచ్చినది. పేద దేశాలలో కలరా చెలరేగినచోట్లకు అత్వెల్లి సీసాలు ఏళ్ళ తరబడి వెళ్ళినవి. దాని తయారీని నిలిపివేయనున్నట్లు సనోఫీ తెలిపి, 2023తో సరఫరా ముగించినది. అది లోకంలో కలరా పెచ్చుపెరిగి టీకాకు కరవు వచ్చిన సమయం. లాభనష్టాల లెక్క పారిస్‌లో ఎట్లు వేసినారో గాని, తల్లి పేర వెలసిన సంస్థ ఆ సమయాన ఆ పని విడుచుట నావంటివారికి మింగుడుపడలేదు.

2024 ఆగస్టులో భారత్ బయోటెక్ 'హిల్‌కోల్' అను నోటిచుక్కల కలరా టీకాను విడుదల చేసినది. హిల్‌మన్ ప్రయోగశాలలవారి నుండి లైసెన్సు తీసికొని, హైదరాబాదులోను భువనేశ్వర్‌లోను దాని తయారీకి ఏర్పాట్లు చేసినారు. మేడ్చల్ బాటన ఆగిన పనిని శామీర్‌పేట బాటవారు అందుకొన్నారు. రెండు బాటల నడుమ దూరం కొద్ది మైళ్ళే.